అమానతులో సగమే అప్పగిస్తే?

మీ పొరుగువాడు హజ్ యాత్రకు వెళుతూ నాలుగు బస్తాల సోనా మసూరి బియ్యం మీ ఇంట్లో అమానతుగా ఉంచి వెళ్ళాడనుకోండి. అతను తిరిగివచ్చి అడిగినప్పుడు మీరు ఒక్క బస్తా తెచ్చి ముందుపెట్టి, "చూడు, దీన్ని ఎంత జాగ్రత్తగా కాపాడానో! ఒక్క పురుగైనా పట్టలేదు" అన్నారు. మిగతా మూడు ఏవని అతను అడిగితే, "వాటి సంగతి నేను పట్టించుకోలేదు, వానకు తడిసి ముక్కిపోయాయి" అన్నారు. అతను మీకు కృతజ్ఞతలు చెబుతాడా? ఆ ఒక్క బస్తాను చూసి మిమ్మల్ని నమ్మకస్తుడని మెచ్చుకుంటాడా?

ప్రియ పాఠకులారా! అల్లాహ్ మన చేతికి అప్పగించిన అమానతుల్లో సంతానం ఎంతో విలువైనది. బిడ్డ అంటే ఒక్క జ్ఞాపకశక్తే కాదు. అతనికి దేహం ఉంది, చేతులున్నాయి, ఆలోచించే బుద్ధి ఉంది, సంతోషించే, భయపడే, ప్రేమించే హృదయం ఉంది. ఈ నాలుగూ కలిస్తేనే బిడ్డ. కాని మనం ఏం చేస్తున్నాం? మార్కులు కోరే తండ్రి ఆ నాలుగు బస్తాల్లో ఒకదాన్ని పట్టుకుంటున్నాడు. హిఫ్జ్ కోరే తండ్రి కూడా అదే బస్తాను పట్టుకుంటున్నాడు. మిగతా మూడూ తడుస్తున్నాయా, ఎండుతున్నాయా అని ఇద్దరూ చూడటం లేదు.

బిడ్డలో మనకు పనికివచ్చే భాగాన్ని మాత్రమే పెంచి, మిగతాదాన్ని వదిలేసే హక్కు మనకుందా? ఈ వ్యాసంలో మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

నంద్యాలలో ఒక చిన్న బడి

ఈ ప్రశ్న నాలో కలగటానికి కారణం మా చెల్లెలి కూతురు. ఆ పాప నంద్యాలలోని ఒక చిన్న ప్రైవేటు ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. ఒకరోజు పాపను ఇంటికి తీసుకురావటానికి నేను వెళ్ళాను. గంట కొట్టటానికి ఇంకా సమయం ఉంది. పిల్లలు గదిలో లేరు, వరండాలో ఉన్నారు. ఇద్దరు పిల్లలు రోటిలో వడ్లు దంచుతున్నారు. ఇంకొకరు చేటతో చెరుగుతున్నారు. మరో ఇద్దరు తక్కెడ పట్టుకుని తూకం రాళ్ళ దగ్గర వాదులాడుకుంటున్నారు. టీచరమ్మ పక్కనే కూర్చుని చూస్తోంది, కాని కలుగజేసుకోవటం లేదు.

నిజం చెప్పాలంటే నాకు మొదట కోపం వచ్చింది. మా చెల్లెలు ఇంత ఫీజు కడుతున్నది పిల్లచేత వడ్లు దంచించటానికా అనుకున్నాను.

దారిలో పాప ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. "మామూ! ఒక కిలో వడ్లు దంచితే ముప్పావు కిలో బియ్యం కూడా రాలేదు. మిగతాదంతా ఊకే! మరి రైతుకు డబ్బులు వడ్లకిస్తారా, బియ్యానికిస్తారా?" కుందూ నది ఒడ్డున, కె.సి. కాలువ నీటితో వరి పండే ఈ ప్రాంతంలోనే నేను పుట్టి పెరిగాను. రోజూ అన్నం తింటున్నాను. ఆ ప్రశ్న నాకెప్పుడూ తోచలేదు.

ఆ సాయంత్రం పాపకు పంట మీద జకాత్ గురించి చెప్పాలనిపించింది. ఉష్ర్ మస్అలాను నేను మదరసాలో ఉర్దూలో కంఠతా పట్టినవాణ్ణే. వర్షాధారంగా పండితే పదోవంతు, నీళ్ళు తోడి పోసి కష్టపడి పండిస్తే ఇరవయ్యోవంతు. పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. పాపకు అలా చెప్పబోయి ఆగిపోయాను. బియ్యం డబ్బా ముందుపెట్టుకుని ఇరవై గ్లాసులు కొలవమన్నాను. "వానతో పండితే ఇందులో రెండు గ్లాసులు పేదలవి. బోరు మోటారుతో నీళ్ళు పెట్టి పండిస్తే ఒక గ్లాసు" అన్నాను. పాప కాసేపు ఆ గ్లాసుల వైపే చూసింది. "అంటే మామూ, కష్టం ఎక్కువైతే అల్లాహ్ తక్కువ అడుగుతాడా?" అంది.

ఆ మస్అలాలోని దయను నేను అంతకుముందు గ్రహించలేదు. ఎనిమిదేళ్ళ పాప గ్లాసులు కొలిచి గ్రహించింది.

మహాప్రవక్త (స) నేర్పిన తీరు

ఇలా చూపించి, చేయించి నేర్పటం పాశ్చాత్యుల నుండి వచ్చిన కొత్త పద్ధతి అని మనలో చాలామంది అనుకుంటారు. వాస్తవం అది కాదు. మానవజాతి తొలి రోజుల్లోనే, ఆదం (అ) కుమారుల్లో ఒకడు తన సోదరుణ్ణి చంపి శవాన్ని ఏం చేయాలో తెలియక నిలబడినప్పుడు, అల్లాహ్ ఒక కాకిని పంపించాడు. అది నేలను తవ్వి చూపించింది. మాటతో కాదు, చేతతో అతనికి పాఠం అందింది. దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరాలో ఈ సంఘటన ఉంది.

ఇక దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితం చూడండి. ఒకసారి ఆయన దారిలో వెళుతుండగా ఒక బాలుడు మేక తోలు తీస్తున్నాడు. ఆ పని అతనికి సరిగా రావటం లేదు. ప్రవక్త (స) అతణ్ణి కోప్పడలేదు, "నీకెందుకు, పెద్దవాళ్ళకివ్వు" అని పంపించివేయలేదు. కాస్త పక్కకు జరగమని చెప్పి, తోలుకూ మాంసానికీ మధ్య తన చేతిని చంక వరకు పోనిచ్చి ఎలా తీయాలో చూపించారు. తర్వాత వెళ్ళి నమాజు చేయించారు. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్ గ్రంథంలో ఉంది. బక్రీదు నాడు మన పిల్లలు దూరంగా నిలబడి చూస్తుంటే వారిని కసురుకునే మనం ఈ హదీసును గుర్తుచేసుకోవాలి.

మరొకసారి ఒక వ్యక్తి మస్జిదులో తొందర తొందరగా నమాజు చేశాడు. వెళ్ళి మళ్ళీ చేయమని ప్రవక్త (స) అతణ్ణి పంపించారు. అలా మూడుసార్లు జరిగింది. చివరికి అతనే, ఇంతకంటే బాగా చేయటం నాకు రాదు, నేర్పండి అని వేడుకున్నాడు. అప్పుడు ప్రవక్త (స) ఒక్కొక్క అంశాన్నీ వివరించారు. నేర్చుకోవాలన్న దాహం కలిగేదాకా ఆగి, ఆ తర్వాతే నీళ్ళిచ్చారన్నమాట.

మనిషి ఆశలను, ఆయుష్షును వివరించవలసి వచ్చినప్పుడు ఆయన నేల మీద చతురస్రం గీసి, దాని మధ్య నుండి బయటికి పోయే గీత ఒకటి గీసి, పక్కన చిన్న చిన్న గీతలు గీసి చూపించారు. అప్పట్లో నల్లబల్ల లేదు, నేలే ఆయన నల్లబల్ల అయింది.

అన్నిటికంటే నన్ను కదిలించేది మాలిక్ బిన్ హువైరిస్ (రజి) సంఘటన. ఈయన, కొందరు యువకులు కలిసి ప్రవక్త (స) సన్నిధిలో ఇరవై రోజులు గడిపారు. వాళ్ళు ఇంటివారి కోసం బెంగపెట్టుకున్నారని ఆయన వారు చెప్పకుండానే గ్రహించారు. ఇంట్లో ఎవరెవరున్నారో అడిగి తెలుసుకున్నారు. ఇక ఇళ్ళకు వెళ్ళి మీవారికి నేర్పండి, నేను నమాజు చేస్తుండగా చూసినట్లే మీరూ చేయండి అని చెప్పి పంపారు. గమనించండి! ఇక్కడ చూసి నేర్చుకోవటం ఉంది. విద్యార్థి మనసులోని బెంగను చదవగలిగిన గురువూ ఉన్నారు. మన హాస్టళ్ళలో, మన మదరసాల్లో రాత్రిపూట దుప్పటి కప్పుకుని ఏడ్చే పిల్లవాడి బెంగను ఎందరం చదువుతున్నాం?

నీ దేహానికి నీపై హక్కు ఉంది, నీ కంటికి హక్కు ఉంది, నీ ఇంటివారికి హక్కు ఉంది అన్న భావాన్ని ప్రవక్త (స) బోధించింది ఆరాధనలో మితిమీరుతున్న పెద్దవారికి. ఆరాధన కూడా దేహం హక్కును కాజేయకూడదంటే, పిల్లవాడి దేహం హక్కును మన ర్యాంకుల ఆశ కాజేయవచ్చా?

నేను చేసిన తప్పు

ఇతరులకు ఉపదేశం చెప్పే ముందు నా లెక్క నేను చెప్పుకోవాలి.

పదకొండేళ్ళ క్రితం, సనదు చేతికి వచ్చిన కొత్తలో, నేను ఒక మదరసాలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఆళ్ళగడ్డ దగ్గరి పల్లె నుండి వచ్చిన పదేళ్ళ బాలుడు నా తరగతిలో ఉండేవాడు. అతనికి సబఖ్ త్వరగా వచ్చేది కాదు. నిన్నటిది ఈరోజు మరిచిపోయేవాడు. కాని తరగతిలో విరిగిపోయిన రిహాళ్ళన్నీ అతనే బాగుచేసేవాడు. ఎక్కడినుంచో మేకులు, తీగముక్కలు ఏరుకొచ్చి, కదిలిపోయిన చెక్కలను మళ్ళీ గట్టిగా నిలబెట్టేవాడు. ఒకరోజు అలా బాగుచేస్తుండగా నేను ఆ రిహాల్‌ను లాక్కుని, "ఇదేనా నీ సబఖ్?" అని అందరి ముందూ అరచేతుల మీద బెత్తంతో కొట్టాను. అది ఒక్కరోజుతో ఆగలేదు. ఏడాది తిరగకుండానే అతను మదరసా మానేశాడు. చదువు అబ్బని పిల్లవాడని నేను కూడా అతణ్ణి మరిచిపోయాను.

మొన్నామధ్య ఒక నికాహ్ కోసం ఆళ్ళగడ్డ వెళ్ళాను. ఆళ్ళగడ్డ రాతి పనికి పేరుపొందిన ఊరు. అక్కడి శిల్పులు చెక్కే విగ్రహాల విషయంలో మన విశ్వాసం వేరు. కాని వాళ్ళు పని నేర్పే తీరును చూసి మనం నేర్చుకోవలసింది ఉంది. కుర్రవాడు పెద్దవాడి పక్కన కూర్చుంటాడు. ముందు చూస్తాడు, తర్వాత పనికిరాని రాయి మీద ఉలి పట్టుకుంటాడు. ఉలి జారితే పెద్దవాడు అతని చేయి పట్టుకుని దిద్దుతాడు. ఉలి పట్టటం తెలియలేదని తొలిరోజే ఎవరూ తరిమేయరు.

అక్కడే ఒక బండల షెడ్డులో నుండి ఒక యువకుడు బయటికి వచ్చి సలాం చేశాడు. ఒళ్ళంతా రాతి దుమ్ము. అతనే! ఇళ్ళకు గడపరాళ్ళు, వంటగట్లకు బేతంచెర్ల బండలు కోసి, నునుపు పెట్టి ఇస్తున్నాడు. చేతిపనిలో మంచి పేరు తెచ్చుకున్నాడని పక్కవారు చెప్పారు. నమాజు సంగతి అడిగాను. తలవంచుకుని అన్నాడు: "నమాజు విడిచిపెట్టలేదు హజ్రత్. కానీ ముస్‌హఫ్ తెరవాలంటే మాత్రం మీ బెత్తం గుర్తొస్తుంది. చేతులు ఆడవు."

అతని మాటలో కోపం లేదు. నన్ను నిందించాలని కూడా అనలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పాడు, అంతే. ఆ రోజు నికాహ్ ఖుత్బా చదువుతుంటే నా గొంతు సరిగా పలకలేదు. అల్లాహ్ గ్రంథాన్ని అతని హృదయానికి చేర్చటానికి నన్ను నియమిస్తే, ఆ గ్రంథానికీ అతనికీ మధ్య నేనే అడ్డుగోడనయ్యాను. రేపు ప్రళయదినాన ఆ అమానతు గురించి అడిగితే, "మిగతా పిల్లలు హాఫిజులయ్యారు కదా" అని జవాబు చెప్పగలనా?

పూర్వికులు హెచ్చరించారు, చట్టమూ చెప్పింది

నేను అజ్ఞానంతో చేశానని చెప్పుకోవటానికి కూడా వీల్లేదు. ఇమాం గజాలీ (రహ్మ) 'ఇహ్యా'లో పిల్లల శిక్షణ గురించి రాస్తూ, చదువు తర్వాత పిల్లవాణ్ణి ఆడుకోనివ్వాలనీ, ఆట మాన్పించి అదేపనిగా చదివిస్తే అతని హృదయం చచ్చిపోతుందనీ, తప్పించుకునే ఉపాయాలు వెదుకుతాడనీ హెచ్చరించారు. ఆయన మరణించింది 1111లో. 14వ శతాబ్దికి చెందిన ఇబ్నె ఖల్దూన్ తన 'ముఖద్దిమా'లో, కాఠిన్యంతో పెంచిన పిల్లలు సోమరులవుతారనీ, దెబ్బల భయంతో అబద్ధానికీ కపటానికీ అలవాటుపడతారనీ విశదపరిచారు. ఈ పుస్తకాలు మా మదరసా గ్రంథాలయంలో ఉండేవి. బీరువాలో ఉన్నాయి, నా బెత్తం మాత్రం చేతిలో ఉంది.

మన హైదరాబాదులో 1897లో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్ గురించి కూడా మన పిల్లలకు చెప్పాలి. దేశానికి రాష్ట్రపతి కావటానికి ఎంతో ముందే ఆయన జామియా మిల్లియా ఇస్లామియాను రెండు దశాబ్దాలకు పైగా నడిపారు. 1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభ తర్వాత, చేతిపని ద్వారా చదువు నేర్పే బునియాదీ విద్యకు ప్రణాళిక తయారుచేసిన సంఘానికి ఆయనే అధ్యక్షులు. ఉర్దూలో పిల్లల కోసం కథలు కూడా రాశారు.

మన రాష్ట్రంలోనూ ఇది కొత్త కాదు. 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుండి బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలు చెప్పింది. చేసి, పరిశోధించి నేర్చుకోవటం, పిల్లల మధ్య భేదాలను గుర్తించటం, పరిసరాలను వాడుకోవటం వాటిలో ఉన్నాయి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వారు 1980ల నుండి పల్లె పిల్లల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా మార్చి, ప్రతి బిడ్డా తన నడకలో తాను నేర్చుకునే ఏర్పాటు చేశారు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బిడ్డ సర్వతోముఖాభివృద్ధి గురించి, పనుల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవటం గురించి, భయం లేని చదువు గురించి చెబుతుంది. పిల్లలను కొట్టటాన్నీ, మానసికంగా వేధించటాన్నీ నిషేధించింది.

2012 సవరణతో ఆ చట్టం మదరసాలకు వర్తించకుండా మినహాయింపు ఇచ్చారు. అయితే, నాతోటి ఉస్తాదులారా, ఈ మినహాయింపు అధికారుల తనిఖీ నుండి మాత్రమే. దయామయుడైన ప్రవక్త (స) సున్నత్ నుండి మనకెవరూ మినహాయింపు ఇవ్వలేదు.

కొన్ని అభ్యంతరాలు

"ఇలా వడ్లు దంచితే రేపు ఈఏపీసెట్‌లాంటి పరీక్షల్లో ర్యాంకు వస్తుందా?" అని తండ్రులు అడుగుతారు. పోటీ పరీక్షకు కఠిన సాధన కావాలి, కాదనను. కాని ఏడెనిమిదేళ్ళ బిడ్డకు ఆ బరువు ఎందుకు? తూకం పట్టి లెక్క తెలుసుకున్న బిడ్డ ఆ తర్వాత కాగితం మీద లెక్క చేయలేక పోడు. ఒకవేళ ర్యాంకు రాలేదే అనుకోండి, అతని ఉపాధిని నిర్ణయించినవాడు అల్లాహ్ కదా!

"అయితే కంఠతా పట్టటం తప్పా?" అని మరికొందరు అడుగుతారు. ఎంతమాత్రం కాదు. పద్నాలుగు శతాబ్దాలుగా ఖుర్ఆన్ హృదయాల్లో భద్రంగా ఉన్నదంటే అది హాఫిజుల వల్లనే. జ్ఞాపకశక్తి అల్లాహ్ ఇచ్చిన గొప్ప వరం. దాన్ని పెంచటం తప్పు కాదు, దానికోసం మిగతా మూడు బస్తాలను నీళ్ళలో వదిలేయటమే తప్పు.

మూడవది ఫీజు సంగతి. ఇక్కడ మనం జాగ్రత్తపడాలి. ప్రయోగాల బడి అని రంగురంగుల కరపత్రాలు వేసి, పిల్లలను నిలబెట్టి ఫోటోలు తీసి, ఫీజు రెట్టింపు చేసే బడులు ఉన్నాయి. ప్రాజెక్టు అని ఇంటికి పంపితే తల్లిదండ్రులు రాత్రికి రాత్రి దుకాణంలో థర్మకోల్ మోడల్ కొనుక్కొచ్చి ఇస్తారు, బిడ్డ చేతికి బంక కూడా అంటదు. అది చేసి నేర్చుకోవటం కాదు, బిడ్డకు అబద్ధం నేర్పటం. అలాంటి బడి ప్రతిష్ఠ కోసం వడ్డీకి అప్పు తెచ్చే తండ్రి, నిషిద్ధమైన పునాది మీద బిడ్డ చదువు కడుతున్నాడు. అసలైన పద్ధతికి డబ్బు అక్కరలేదు. మేక తోలు తీయటం నేర్పటానికి ప్రవక్త (స)కు ఖర్చయిందేమిటి? కాసేపు ఆగే ఓపిక, తన చేతికి అంటిన తడి. అంతే.

మన ఇళ్ళలోనే మొదలుపెడదాం

దైవప్రవక్త (స) దాదాపు ముప్పావు లీటరు నీటితో వుజూ చేసుకునేవారు. మీ బిడ్డకు లీటరు సీసాలో ముప్పావు వంతు నీళ్ళు కొలిచి ఇచ్చి, దానితో వుజూ పూర్తిచేయమనండి. పొదుపు గురించి గంట ప్రసంగం కంటే అది బాగా పనిచేస్తుంది.

మిద్దె మీద ఒక కర్ర పాతి, దాని నీడను గంటగంటకూ సుద్దతో గుర్తుపెట్టించండి. జుహర్ ఎప్పుడు మొదలవుతుందో, అసర్ ఎప్పుడో నీడే చెబుతుంది. మన ప్రాంతం నుండి ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. సూర్యాస్తమయం చూసి బిడ్డనే కనుక్కోనివ్వండి.

రమజానులో ఫిత్రాను డబ్బు రూపంలో మీరే ఇచ్చివేయకుండా, ధాన్యాన్ని బిడ్డచేత కొలిపించి, అతని చేతితోనే పేదవారింటికి పంపండి. అయితే ఇచ్చేటప్పుడు తల వంచుకుని, మర్యాదగా ఇవ్వటం కూడా నేర్పండి.

మగపిల్లలకు గుండీ కుట్టుకోవటం, కంచం కడుక్కోవటం నేర్పండి. ప్రవక్త (స) స్వయంగా తన చెప్పులు బాగుచేసుకునేవారనీ, బట్టలు కుట్టుకునేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆ పనులు తక్కువైనవైతే ఆయన చేసేవారా?

అన్నిటికంటే ముఖ్యంగా, రాత్రి పడుకునే ముందు "ఈరోజు ఎన్ని మార్కులొచ్చాయి?" అని కాకుండా, "ఈరోజు ఏం చేశావు బేటా? ఎవరైనా నిన్ను బాధపెట్టారా?" అని అడగండి.

ఇప్పుడు నేను నెలలో రెండు గురువారాలు ఆళ్ళగడ్డ వెళుతున్నాను. ఇషా నమాజు తర్వాత ఆ యువకుడూ నేనూ మస్జిదులో ఒక మూల కూర్చుంటాం. మొదటిరోజే అతణ్ణి క్షమాపణ అడిగాను. సిగ్గుపడి, మాట మార్చి టీ తెప్పించాడు. కొన్ని వారాలు నేను చదువుతుంటే అతను వేలితో అక్షరాలను అనుసరించాడు, అంతే. ఇప్పుడు మెల్లగా తానే చదువుతున్నాడు. ఒక పారా కూడా ఇంకా పూర్తికాలేదు. మాకు తొందర లేదు. మా ముందున్న రిహాల్ మాత్రం అతనే చేసి తెచ్చాడు.

ఓ అల్లాహ్! మాకు అప్పగించిన అమానతును పూర్తిగా, చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. మా చేతుల వల్ల గాయపడిన పసి హృదయాలను నీ దయతో నయంచెయ్యి. వారు మమ్మల్ని క్షమించేలా చెయ్యి. మా ఇళ్ళను, మా బడులను, మా మదరసాలను భయం లేని జ్ఞాననిలయాలుగా మార్చు. ఆమీన్!